ఉల్కలో కనిపించిన నీళ్లు

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాకిచ్చిన పని వినడానికి చిన్నదే. ఉల్కాశకలం పొడి పరారుణ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటోందో ఎఫ్‌టీఐఆర్ మెషీన్‌లో చూసి, అందులో ఏ ఖనిజాలున్నాయో చెప్పాలి. సార్ కాగితంలో మడిచి ఇచ్చిన పొడి చిటికెడు కూడా లేదు. "తుమ్మావంటే ప్రాజెక్టు అయిపోయినట్టే" అన్నారు.

అందులోంచి 2 మిల్లీగ్రాములు తీసి, 200 మిల్లీగ్రాముల పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుతో కలిపి అగేట్ రాతి కల్వంలో విభూతిలా అయ్యేదాకా నూరాలి. రేణువులు పెద్దగా ఉంటే కాంతి చెదిరిపోతుంది. తర్వాత ప్రెస్‌లో 8 టన్నుల ఒత్తిడి పెడితే గాజులాంటి బిళ్ల రావాలి. నాకు మొదటి మూడూ విరిగాయి. నాలుగోది సుద్దబిళ్లలా వచ్చింది.

ఐదోది కుదిరింది. కాంతిని పీల్చుకున్న చోటల్లా స్క్రీన్ మీద గీత గుంటలా దిగుతుంది. 1000 వేవ్‌నంబర్ (సెంటీమీటరుకి ఎన్ని అలలో చెప్పే అంకె) చుట్టూ వెడల్పాటి గుంట, అది సిలికాన్, ఆక్సిజన్ బంధాల కంపనం. 880, 890 మధ్య ఇంకో గుంట, అది ఆలివీన్ అనే ఖనిజం. ఇనుము పెరిగేకొద్దీ ఈ గుంట చిన్న అంకెల వైపు జరుగుతుంది. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నట్టే. కానీ 3400 దగ్గర పెద్ద గుంట, 1630 దగ్గర చిన్నది. నీళ్లు! పరుగెత్తుకెళ్లి సార్‌ని పిలుచుకొచ్చాను.

ఆయన స్క్రీన్ కన్నా ముందు కిటికీ వైపు చూశారు. హైదరాబాద్‌లో మూడు రోజులుగా ముసురు. "ఉప్పు సీసా మూత ఎంతసేపు తీసి ఉంచావు?" అన్నారు. ఉల్క పొడి లేకుండా ఉత్త పొటాషియం బ్రోమైడ్ బిళ్ల చేయించారు. అందులోనూ అవే నీళ్లు! ఆ ఉప్పు గాలిలో తేమని లాగేస్తుంది. ఇలాంటి ఉత్త బిళ్లతో ముందు బ్లాంక్ తీయకుండా ఎగిరినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

అపోలో వ్యోమగాములు చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్లలో దొరికిన కాస్త తేమనీ అప్పట్లో భూమి మీదదే అనుకున్నారట. శ్రీహరికోట నుంచి 2008లో వెళ్లిన చంద్రయాన్-1లోని ఎం3 పరికరానికి చంద్రుడి మీద 3 మైక్రాన్ల దగ్గర, అంటే దాదాపు నా 3400 ఉన్నచోటే, గుంట కనిపించింది. అక్కడ ముసురు లేదు కదా! అయినా 1999లో చంద్రుడి పక్కగా వెళ్లిన కాసినీ వ్యోమనౌక డేటా, డీప్ ఇంపాక్ట్ అనే ఇంకో వ్యోమనౌక డేటా కూడా సరిచూశాకే 2009 సెప్టెంబరులో ఆ సంగతి బయటపెట్టారు.

ఉప్పుని రాత్రంతా 110 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, మళ్లీ బిళ్ల చేశాను. 3400 గుంట బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. రిపోర్టులో ఖనిజాలు ఆలివీన్, పైరాక్సీన్ అని రాసి, ఆ గుంట పక్కన పెన్సిల్‌తో 'హైదరాబాద్ వాన' అని రాశాను. సార్ చెరిపెయ్యమన్నారు.