డీజిల్ కంటే ముందు

"వాళ్ళకి తెలీదు, పోనీలే అనుకుంటాను. నీకేమైంది బేటా? నీకు తెలుసు కదా."

నిన్న మధ్యాహ్నం ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి ఉర్దూలో అన్న మాటలివి. ఆయన ఉత్తుత్తి కర్నల్. కాన్సస్‌లోని ఈ ఫోర్ట్ రైలీ అనే అమెరికన్ ఆర్మీ స్థావరంలో మాకు ట్రైనింగ్ ఇవ్వడానికి అఫ్గాన్ ఆఫీసర్ల వేషాలు వేసే మనుషులుంటారు, వాళ్ళలో ఒకరు. అసలు ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, టాక్సీ నడుపుతారు. రష్యా సైన్యం ఉన్న రోజుల్లో కాబూల్ వదిలేసి, కొన్నేళ్ళు పెషావర్‌లో ఉండి వచ్చారు కాబట్టి ఉర్దూ వచ్చు. నాది హైదరాబాద్ బస్సుల్లో నేర్చుకున్న హిందీ. తిట్టడానికి, తిట్లు తినడానికి ఆ మాత్రం సరిపోయింది.

వచ్చే నెల, అంటే 2008 మార్చిలో, నేను అఫ్గానిస్తాన్ వెళ్తున్నాను. అక్కడి సైన్యంలో బెటాలియన్‌ని కందక్ అంటారు, ఒక్కోదాంట్లో 600 మంది దాకా ఉంటారు. ఆ కందక్‌తోనే ఉంటూ, వాళ్ళతోనే తిరుగుతూ పని నేర్పే చిన్న చిన్న అమెరికన్ టీములుంటాయి. కాగితం మీద టీముకి 16 మంది. మేం 11 మందిమి. నేను సప్లై సార్జెంట్‌ని. డీజిల్, బూట్లు, తూటాలు, దుప్పట్లు చూసుకునే అఫ్గాన్ ఆఫీసర్ పక్కన కూర్చుని ఆయన పని ఆయన చేత చేయించడం నా పని. నేను చేసి పెట్టకూడదు, ఆయన చేసేట్టు చూడాలి. చెప్పినంత తేలిక కాదు.

నిన్నటి పరీక్ష దాని మీదే. ప్లైవుడ్ గది, కింద తివాచీ, ఫ్లాస్కులో గ్రీన్ టీ, గాజు గ్లాసులు. కర్నల్ గారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. నేను నోట్‌బుక్ తీసుకుని వెళ్ళాను, సలాం చెప్పాను, కూర్చున్నాను. ఇంటర్‌ప్రిటర్ వైపు తిరిగి, "మూడో కంపెనీ డీజిల్ లెక్క తేలడం లేదు. కావలసిందెంత, వచ్చిందెంత?" అన్నాను. ఆయన టీ పోయబోతే "వద్దు సార్, ఇప్పుడే తాగాను" అన్నాను. ఎప్పటికి వస్తుందో తారీకు అడిగితే, "రేపు, ఎల్లుండి, ఇన్షా అల్లా" అన్నారు. రాసుకున్నాను. మొత్తం ఏడు నిమిషాలు. బయటికి వచ్చేటప్పుడు మనసులో కాస్త గర్వం కూడా. మార్కులు వేసే సార్జెంట్ కూడా "క్లియర్‌గా మాట్లాడావు" అన్నాడు.

అప్పుడు పిలిచారు పెద్దాయన. ఇంట్లో పిల్లలెలా ఉన్నారని అడగలేదట. ఆయన చేతి టీ వద్దన్నానట. అన్నాను మరి. మన ఇళ్ళల్లో మొదటిసారి ఎవరైనా వద్దనే అంటారు, కానీ నేనన్నది ఆ వద్దు కాదు. అది నిజంగా వద్దు. ఆ తేడా ఆయన పట్టేశారు.

రాత్రంతా ఇదే ఆలోచన. కోపం ఆయన మీద కాదు. ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను.

1999లో పెళ్ళి పుణ్యమా అని గ్రీన్ కార్డుతో ఈ దేశంలో దిగాను. మన బీకాంకి గ్యాస్ స్టేషన్ గల్లాపెట్టె తప్ప ఇంకేం దొరకలేదు. మరుసటి ఏడాది ఆర్మీలో చేరాను. మొదటి యూనిట్‌లో ఒక సార్జెంట్ ఉండేవాడు. అతను అరుస్తుంటే నేను తలొంచుకుని నిలబడేవాణ్ణి. పెద్దవాళ్ళు తిడుతుంటే కళ్ళల్లోకి చూస్తామా? "నేను మాట్లాడుతుంటే నేలకేసి చూస్తావేం, ఏదో దాస్తున్నావు" అని ఇంకా అరిచేవాడు. ఏదైనా అడిగితే నేను తలూపే తీరు చూసి, "నీ తల అవునంటోందా, కాదంటోందా?" అని పదిమందిలో నవ్వించేవాడు. చేయలేని పనికి "ట్రై చేస్తాను సార్జెంట్" అన్నందుకు ఫారం 4856 తీసి కౌన్సెలింగ్, అంటే నా లోపాన్ని కాగితం మీద పెట్టి, రాశాడు. కాదు అనాల్సిన చోట కాదు అనడం నేర్చుకోవాలని.

నేర్చుకున్నాను. అద్దం ముందు నిలబడి మరీ నేర్చుకున్నాను. 2002లో బుష్ సంతకం పెట్టిన ఉత్తర్వు వల్ల సైన్యంలో ఉన్న మాలాంటి వాళ్ళకి పౌరసత్వం త్వరగా వచ్చింది. ఆ కాగితం చేతికొచ్చేనాటికే నా తల అడ్డంగా ఊగడం మానేసింది. ఎవరింటికి వెళ్ళినా ఎందుకొచ్చానో మొదటి వాక్యంలోనే చెప్పడం అలవాటైంది. మా ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే. ఆవిడే ఓసారి "నువ్వు నాకంటే అమెరికన్‌వయ్యావు" అంది. పొగడ్తే అనుకున్నాను.

ఇప్పుడదే ఆర్మీ క్లాసు పెట్టి స్లైడ్లు వేస్తోంది. ఎడమ చేత్తో ఇవ్వకండి. అరికాళ్ళు ఎదుటివాళ్ళకి కనబడేలా కూర్చోకండి. ముందు కుటుంబం క్షేమం అడగండి, ఇంట్లో ఆడవాళ్ళ గురించి పేరు పెట్టి అడగొద్దు. పెద్దాయన లోపలికి వస్తే లేచి నిలబడండి. 'రేపు' అంటే రేపే అనుకోకండి. నా పక్కన ఒహాయో కుర్రాడు ఇవన్నీ బుద్ధిగా రాసుకుంటూ, "ఎడమ చెయ్యి ఎందుకు కూడదు?" అని నన్నడిగాడు. కూడదంతే, అన్నాను. నాకు మాత్రం ఎవరైనా చెప్పారా ఏంటి! ఒక్క స్లైడులోనూ తప్పు లేదు. చిరాకంతా అక్కడే. తప్పుంటే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. ఎనిమిదేళ్ళు కష్టపడి వదిలించుకున్నది ప్రింటు తీసి నా చేతిలో పెడుతున్నారు.

అలాగని మన తీరే గొప్ప అని వాదించబోవడం లేదు. ఇక్కడ హమ్వీ అనే ఆర్మీ బండి క్యాబిన్ ఒకటి ఇనుప స్టాండుకి బిగించి ఉంటుంది. లోపల బెల్టులతో కూర్చోబెట్టి మొత్తం తలకిందులుగా తిప్పేస్తారు. కవచం బరువే 15 కిలోల దాకా ఉంటుంది, అదంతా గడ్డం మీదికి జారుతుంది, రక్తం తలలోకి దిగుతుంది. కింద పైకప్పుకి ఒక చెయ్యి ఆన్చి రెండో చేత్తో బెల్టు విప్పుకోవాలి. తొందరపడి ముందే విప్పితే మెడ మీద పడతాం. ఆ నిమిషంలో "నీ తలుపు! తెరువు!" అని కేకేసేవాడే కావాలి. పిల్లలు కులాసానా అని మొదలుపెట్టేవాడు కాదు. ఆ సూటిదనం నాకిష్టమే. బతికి బయటపడాలంటే అది కావాలి.

సామాన్ల సంగతి వేరు. అఫ్గాన్ సైన్యంలో డీజిల్ కావాలంటే ఎంవోడీ-14 అని ఒక ఫారం నింపాలి. సంతకాలు, ముద్రలు, పైకి వెళ్ళడం, కిందికి రావడం. తాసిల్దార్ ఆఫీసు మెట్లెక్కిన వాడికి ఇది చెప్పాలా? కాగితం ఎక్కడ ఆగిందో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. చెప్పాలనిపించిన వాడికే చెప్తారు.

ఈ రోజు మళ్ళీ అదే గది. పొద్దున దరీ, అంటే అఫ్గాన్ల ఫార్సీ, క్లాసులో అటెండెన్స్ తీసుకుంటే "హాజర్" అన్నాను. ఆ క్లాసు నాకు సగం తెలుగే. రోజ్, బాజార్, జవాబ్, ఖాలీ, తయ్యార్, కాగజ్. ఒకప్పుడు మన దగ్గర ఫార్సీ రాజభాష అయిన పుణ్యం. ఆ ధైర్యంతోనే కర్నల్ గారి ముందు గుండెల మీద చెయ్యి పెట్టి, ఆయన కూర్చున్నాక కూర్చున్నాను. నోట్‌బుక్ జేబులోంచి తీయలేదు. టీ ఒకసారి వద్దన్నాను, మన వద్దు. ఆయన నవ్వి పోశారు. పిల్లల చదువులు, ఆయన మోకాళ్ళ నొప్పి, కాన్సస్ గాలి. రెండో గ్లాసు సగంలో ఉండగా ఆయనే తివాచీ అంచు ఎత్తి, మడతపెట్టిన కాగితం తీశారు. మూడో కంపెనీ ఎంవోడీ-14. సంతకముంది, పైన వేయాల్సిన ముద్ర లేదు.

ఆ కాగితం నిన్న కూడా అక్కడే ఉందట. తీయాలా వద్దా అన్నది నేను అడిగే తీరును బట్టి అని ఆయన స్క్రిప్టులో ఉందట.

మార్కుల సార్జెంట్ మాత్రం, "23 నిమిషాలు! డీజిల్ మాట ఎత్తడానికే పదిహేను" అని రాశాడు. మా కెప్టెన్ "ఇద్దరూ ఏం నవ్వుకున్నారయ్యా?" అన్నాడు. మోకాళ్ళ గురించి సార్, అంటే నమ్మలేదు. అతని అనుమానమూ సబబే. అక్కడ 23 నిమిషాలు దొరుకుతాయో లేదో నాకూ తెలీదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఈ ప్రయాణం సంగతి ఇంకా చెప్పలేదు. అమ్మ ఎప్పుడూ "తిన్నావా" అనే మొదలుపెడుతుంది. నేనేమో "ఆఁ తిన్నాలే, విషయమేంటో చెప్పు" అంటాను. మొదట్లో ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతాయని తొందర. ఇప్పుడు ఆ కార్డుల బాధ లేదు, తొందర మాత్రం పోలేదు.

"తిన్నావా?" అంది.

ఏం తిన్నానో చెప్పాను. నువ్వేం టిఫిన్ చేశావన్నాను. మోకాళ్ళెలా ఉన్నాయి, మందు పని చేస్తోందా, పక్కింటి వాళ్ళతో గోడ తగాదా ఎంతదాకా వచ్చింది, పెద్దమ్మ కళ్ళ ఆపరేషన్ అయిందా. పావుగంట. అమ్మ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. తర్వాత అటునుంచి కాసేపు మాట లేదు.

"ఇంతకీ ఎక్కడికి పంపుతున్నార్రా నిన్ను?" అంది.