నాయనమ్మ ఇంట్లో రంగులు: సెలవులకొచ్చిన పిల్లలతో అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్

జూన్‌లో అమెరికా నుంచి హన్మకొండకు వచ్చే పిల్లలకు ఒక చిక్కుంది. వాళ్ల సెలవులు మొదలయ్యేసరికి ఇక్కడ బడులు తెరుస్తారు. బాబాయి పిల్లలు పొద్దున్నే బడికి పోతే, సాయంత్రం దాకా వీళ్లకు నాయనమ్మ, తాతే తోడు. "తిన్నవా బిడ్డా? నిద్ర పట్టిందా?" అన్నదాకా మాట సాగుతుంది. ఆ తర్వాత పిల్లల దగ్గర తెలుగు అయిపోతుంది. అక్కడి స్నేహితుల మీద బెంగ, ఇక్కడ అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే వచ్చే చిరాకు, తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనన్న బెదురు లోపలే ఉండిపోతాయి. వీటిని ఇంగ్లిష్‌లో అడిగినా చాలామంది పిల్లలు "ఏం లేదు" అనే అంటారు.

ఆ మధ్యాహ్నాలకు అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ బాగా పనికొస్తుంది. మనిషి, చెట్టు, ఇల్లు లాంటి ఆకారమేదీ లేకుండా గీతలు, రంగులు, మందం, ఖాళీలతోనే వేసే బొమ్మ ఇది. బొమ్మలేయడం రాదనుకునే పిల్లలకు ఇది ఇంకా సులువు. ఒక్క షరతు ఉంది: పెద్దవాళ్లు దానికి అర్థం చెప్పకూడదు.

సామానుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. యాక్రిలిక్ రంగులు (నీళ్లతో కలిపి వేసేవి, తొందరగా ఆరిపోతాయి) నాలుగు ట్యూబులు చాలు: లెమన్ యెల్లో, క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్ బ్లూ, తెలుపు. తెలుపు తొందరగా అయిపోతుంది కాబట్టి పెద్ద ట్యూబే తీసుకోండి. నలుపు మొదట్లో వద్దు. అది చేతికి దొరికితే పిల్లలు ప్రతి రంగులోనూ కలుపుతారు, బొమ్మంతా చచ్చుబడుతుంది. ముదురు రంగు కావాలంటే బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) ట్యూబు ఒకటి అదనంగా తెచ్చుకుని, నీలంలో కొద్దిగా కలిపితే సరిపోతుంది. కాగితం 300 జీఎస్ఎం (కాగితం మందాన్ని తెలిపే లెక్క) ఏ4 ఉండాలి. మామూలు డ్రాయింగ్ షీటు తడికి ఉబ్బి, ముడతలు పడి, రంగు గుంటల్లోకి చేరుతుంది. కాగితాన్ని పరీక్ష అట్ట మీద పెట్టి నాలుగు వైపులా మాస్కింగ్ టేపు అతికించండి. అంగుళం వెడల్పు ఫ్లాట్ బ్రష్ ఒకటి, 8 నంబరు గుండ్రటి బ్రష్ ఒకటి, పనికిరాని ఏటీఎం కార్డు, పాత దువ్వెన, స్పాంజి ముక్క, రెండు గ్లాసుల నీళ్లు సిద్ధం చేసుకోండి. ఒక గ్లాసు బ్రష్ కడగడానికి, రెండోది రంగులో కలపడానికి. రంగు ఒక్కోటి బఠాణీ గింజంత పిండితే మొదలుపెట్టడానికి చాలు. ఆరేళ్లలోపు పిల్లలకు యాక్రిలిక్ వద్దు, ఉతికితే పోయే రంగులిచ్చి వేళ్లతో వేయనివ్వండి. యాక్రిలిక్ బట్ట మీద ఆరితే ఇక పోదు, తడిగా ఉన్నప్పుడే ఉతకాలి.

రంగు ముట్టకముందు గీతలతో మొదలుపెట్టాలి. "ఇవాళ ఎట్లుంది?" అని అడిగితే జవాబు రాదు. "ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది? గొంతులోనా, కడుపులోనా, భుజాల్లోనా?" అని అడిగితే పిల్లలు వేలితో చూపిస్తారు. బరువుగా ఉందా, గుచ్చుతుందా, తిరుగుతుందా అని ఇంకొక్క ప్రశ్న వేసి ఊరుకోండి. తర్వాత రఫ్ కాగితం మీద కళ్లు మూసుకుని రెండు నిమిషాలు పెన్సిల్ కదపమనండి. కోపంలో చెయ్యి గట్టిగా నొక్కుతుంది, గీత విరిగి విరిగి పోతుంది. దిగులుగా ఉంటే నెమ్మదిగా కిందికి జారవచ్చు. భయపడ్డ పిల్ల మూలకు చిన్నగా గీసి ఆపేయవచ్చు. ఇవి తరచూ కనిపించే పోకడలే. వీటిని పట్టుకుని పిల్లల మనసు చదివేయడానికి లేదు. ఆ కాగితంలో నచ్చిన ఒక ముక్కను పిల్లలనే ఎంచుకోమనండి. అసలు బొమ్మకు అదే ఆధారం.

రంగుల దగ్గర మన పిల్లల సంగతి కొంచెం వేరు. ఎరుపు కోపానికి, నీలం దుఃఖానికి, పసుపు సంతోషానికి అని అక్కడి పుస్తకాల్లో చార్టులుంటాయి. ఇక్కడ ఎరుపు కుంకుమ రంగు, పెళ్లిచీర రంగు. బట్ట మీద కథలు గీసే చేర్యాల నకాషీ బొమ్మల్లో నేపథ్యమే ఎరుపు, దేవుళ్ల కథలన్నీ దాని మీదే నడుస్తాయి. తెలుపు సంగతీ అంతే. అక్కడ పెళ్లికూతురు గౌను తెలుపు, ఇక్కడ ఉత్త తెల్లచీర శుభకార్యానికి కట్టుకొస్తే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. ఈ రెండూ చూస్తూ పెరిగే పిల్లలకు ఎరుపు ఏమిటో చార్టు చెప్పలేదు. అందుకే చార్టు పక్కన పెట్టి, ముందు రంగులు కలిపించండి. పసుపులో క్రిమ్సన్ చుక్క చుక్కగా వేస్తూ ఐదు మెట్లు (ఒకదానికంటే ఒకటి మారే ఐదు ఛాయలు), నీలంలో తెలుపు వేస్తూ ఐదు మెట్లు. "ఇందాకటి బరువు వీటిల్లో ఏది?" అని అడగండి. పిల్లలు చూపించిన రంగే వాళ్ల రంగు, అది మనకు వింతగా తోచినా సరే.

ఇక బొమ్మ. మొదటి పొర పల్చగా, ఫ్లాట్ బ్రష్‌తో కాగితమంతా పరవాలి. నీళ్లు రంగుకు సగం మించొద్దు. మించితే రంగులోని జిగురు పలచబడి, రంగు కాగితానికి సరిగా పట్టకపోవచ్చు. అది ఆరాక, రెండో పొరలో ఎంచుకున్న గీతను పెద్దది చేసి, మందపు రంగుతో వేయాలి. తడి రంగు మీద దువ్వెన లాగితే వరంగల్ కొత్తవాడ జంపఖానాల మీది చారల్లాగా గీతలు పడతాయి, ఏటీఎం కార్డుతో గీకితే కింది పొర బయటపడుతుంది. మూడో పొరలో చిన్న చిన్న గీతలో చుక్కలో రెండు మూడు చాలు. ఎక్కడైనా కాస్త ఖాళీ ఉంచమని మాత్రం గుర్తుచేయండి.

పిల్లలు ఎక్కువగా ఏడ్చేది బొమ్మ బురద రంగుకు తిరిగినప్పుడే. ఎరుపు, పసుపు, నీలం మూడూ తడిమీద కలిస్తే గోధుమ బురదే వస్తుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నారింజ పక్కన నీలం తడిగా తగిలినా అంతే, ఎందుకంటే ఆ జంటల్లోనూ చివరికి మూడు రంగులూ ఉన్నాయి. అందుకని ఒక పొరలో రెండు రంగులు, తెలుపు మాత్రమే ఇవ్వండి. ఆరిందో లేదో వేలి వెనకవైపుతో తాకి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. బురద అయిపోతే చింపనివ్వొద్దు. ఆరనిచ్చి, దాని మీద మందంగా తెలుపు పూసి, అక్కడక్కడ గీకిస్తే ఆ బురదే మంచి నేపథ్యమవుతుంది.

వాతావరణాన్నీ చూసుకోవాలి. జూన్ మొదట్లో ఫ్యాన్ కింద రంగు ప్లేటులోనే గట్టిపడుతుంది. టిఫిన్ బాక్సులో తడి స్పాంజి పరిచి, దానిమీద బేకింగ్ పేపర్ వేసి రంగు పెట్టుకుంటే చాలాసేపు మెత్తగా ఉంటుంది. ముసురు పట్టిన జూలైలో మందపు పొర ఆరడానికి గంట పట్టినా పడుతుంది. బ్రష్‌లను నీళ్లలో నిలబెట్టి వదిలేయొద్దు, కుచ్చు వంగిపోతుంది, కట్టు వదులవుతుంది.

అసలు కష్టం బొమ్మ పూర్తయ్యాక వస్తుంది. "ఏంది బిడ్డా ఇది, ఏం బొమ్మ ఏసినవ్?" అని తాత ప్రేమగానే అడుగుతాడు. ఆకారం చెప్పలేని పిల్లలకు అది పరీక్షలా తగులుతుంది. "మస్తుగున్నది" అన్నా చిక్కే, రేపట్నుంచి మెప్పు కోసం వేస్తారు. పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోండి: "ముందు ఏడ మొదలువెట్టినవ్?", "ఏ జాగల చెయ్యి గట్టిగ నొక్కినవ్?" ఇట్లా అడగమనండి. ఈ ప్రశ్నలకు వేలితో చూపించడమే జవాబు, తెలుగు అంతగా రాకపోయినా ఫర్వాలేదు. నాయనమ్మను పక్కన కూర్చోబెట్టి ఆమెకూ ఒక అట్ట ఇస్తే ఇంకా మంచిది. ఏటా తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుస వరుసగా పేర్చి బతుకమ్మను నిలబెట్టే మనిషికి ఏ రంగు పక్కన ఏది నిలుస్తుందో ఒకరు నేర్పక్కర్లేదు.

ముదురు రంగులు కనిపించగానే కంగారు పడొద్దు, బాగుంటుందని కూడా వేస్తారు. నిద్ర, తిండి, ఆట వారాల తరబడి తప్పితే మాత్రం బొమ్మలతో సరిపెట్టక పిల్లల డాక్టరుకో కౌన్సెలర్‌కో చూపించండి.

టేపును పూర్తిగా ఆరాకే, బొమ్మకు బయటివైపు లాగుతూ నెమ్మదిగా తీయండి. కాగితం లేస్తుంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేయండి. సూట్‌కేసులో బొమ్మలను ఒకదాని మీద ఒకటి పెడితే వేడికి అతుక్కుంటాయి, మధ్యలో బేకింగ్ పేపర్ ఉంచాలి. చుట్టాల్సి వస్తే రంగు బయటికి ఉండేలా చుట్టండి, లోపలికి చుడితే మందపు పొర నలిగి పగులుతుంది. వెనకాల తేదీ వేసి, పేరు పిల్లలనే పెట్టమనండి. ఏది వెంట తీసుకెళ్లాలో, ఏది తాత ఇంట్లో ఉంచాలో కూడా వాళ్లనే తేల్చుకోనివ్వండి.