పుస్తకాల బైండింగ్ బోర్డుకు అక్షరాలు

ఈ రోజంతా బోర్డు పనికే సరిపోయింది. కొత్తగా అద్దెకు తీసుకున్న గది ముందు పెట్టబోయే బోర్డు 6 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు ఉండాలని ఇదివరకే తేలిపోయింది కనుక, దాని మీద అక్షరాలు ఎలా ఉండాలన్నదొక్కటే మిగిలింది. బోర్డు తయారుచేసే ఆయన రాత్రి నా ఫోనుకు కొన్ని నమూనాలు పంపి, "వీటిలో మీకు ఏది నచ్చిందో చెప్పండి మేడం, రేపు కటింగ్‌కి పెట్టేద్దాం" అని రాశారు. అన్నీ నచ్చాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఫోనును చేతిలో పట్టుకొని, ఏం రాసి ఉందో ముందే తెలిసి చూసేవారికి ఏ అక్షరమైనా చక్కగానే కనిపిస్తుంది. బోర్డు చదివే మనిషి పరిస్థితి అది కాదు. ఆయన రోడ్డుకు అవతలి వైపు నడుస్తుంటాడు, లేదా బండి మీద పోతుంటాడు. మన కోసం వెతకడం లేదు. తల తిప్పినా ఒకటి రెండు క్షణాలే తిప్పుతాడు, ఆ కాస్త సమయంలో మాట అందకపోతే ముందుకు సాగిపోతాడు. బోర్డుల పనివారిలో ఒక మోటు లెక్క చాలాకాలంగా చెలామణిలో ఉంది. అక్షరం ఎత్తు ఒక అంగుళం ఉంటే దాన్ని 10 అడుగుల దూరం నుంచి హాయిగా చదవవచ్చు, 25 లేదా 30 అడుగుల దాకా కళ్లు చికిలించి చదవవచ్చు అన్నది దాని సారాంశం. మా గది గోడకూ రోడ్డు అవతలి అంచుకూ మధ్య దాదాపు 40 అడుగులు ఉంటుంది కాబట్టి, 4 అంగుళాలకు తగ్గని అక్షరం కావాలి. అయితే ఆ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలను చూసి కట్టినది. ఆ అక్షరాలు రెండు గీతల మధ్య నిటారుగా నిలబడతాయి, పైకీ కిందికీ పోవు. తెలుగులో అక్షరం మీద గుడి ఉంటుంది, ఏత్వం ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. అందువల్ల పంక్తికి ఇచ్చిన ఎత్తులో అసలు అక్షరం ఒంటికి దక్కేది ఇంచుమించు సగమే.

పొద్దున్నే స్కేలు తీసుకొని కూర్చున్నాను. 24 అంగుళాల ఎత్తులో పైనా కిందా 3 అంగుళాల చొప్పున ఖాళీ వదిలితే 18 మిగులుతాయి. ఆయన పంపిన నమూనాలన్నింటిలోనూ నాలుగేసి పంక్తులు ఉన్నాయి: పైన దుకాణం పేరు, కింద "అన్ని రకాల పుస్తకాల బైండింగ్, స్పైరల్ బైండింగ్, లామినేషన్", ఆ కింద "మా వద్ద పాత పుస్తకాలకు మరమ్మతులు చేయబడును", చివర ఫోన్ నంబరు. 18 అంగుళాలను నాలుగు పంక్తులకు పంచితే ఒక్కొక్క దానికి నాలుగున్నర వస్తాయి, అందులో గుడికీ వత్తుకూ పోగా అక్షరానికి రెండు అంగుళాలు మిగిలితే గొప్ప. అంటే 20 అడుగులు దాటాక ఏ ఫాంటు పెట్టినా ఒక్కటే, అన్నీ మరకలే. ఫాంటు ఎంచుకోవడమంటే ముందుగా మాటలు ఎంచుకోవడమని స్కేలు పట్టుకున్నాక గానీ స్పష్టం కాలేదు.

కాబట్టి ఫాంట్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, మాటలు కొట్టివేసే పనిలో పడ్డాను. మొదట పోయినది "మా వద్ద". బోర్డు మా గోడ మీద ఉన్నప్పుడు పని పొరుగువారి వద్ద జరుగుతుందని ఎవరూ అనుకోరు. తరువాత "చేయబడును" పోయింది, "అన్ని రకాల" పోయింది. దుకాణం పేరు తీసేయడానికి మాత్రం కొంత మనసు గట్టి చేసుకోవలసి వచ్చింది. కానీ అట్ట ఊడిన పుస్తకం చేతిలో పట్టుకొని వచ్చే మనిషి పని కోసం చూస్తాడు, పేరు కోసం కాదు. పేరు రసీదు పుస్తకం మీద ఉంటే చాలు. చివరికి పెద్ద పంక్తిగా "పుస్తకాల బైండింగ్", దాని కింద చిన్నగా "పాతవి బాగుచేస్తాం", పక్కనే ఫోన్ నంబరు మిగిలాయి. పెద్ద పంక్తికి 13 అంగుళాలు ఇస్తే అక్షరం ఒళ్లు ఆరున్నర అంగుళాల దాకా వస్తుంది, రోడ్డు అవతలి నుంచి చదవడానికి అది ధారాళంగా సరిపోతుంది. చిన్న పంక్తి దగ్గరికి వచ్చినవారి కోసం కనుక దానికి రెండు అంగుళాలు చాలు. "మరమ్మతు" అన్న మాటను వదిలింది కూడా అక్షరాల కోసమే. మకారం కింద మరో మకారం వత్తుగా వచ్చి, రెండు అంగుళాల సైజులో ఆ రెండూ కలిసి ముద్దగా కనిపిస్తున్నాయి.

ఇక ఫాంట్లు. ఈ విషయంలో మనకు ఇప్పుడు కరువు లేదు. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన రామభద్ర, మండలి, రవిప్రకాష్ మొదలైనవీ, గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగు, ఏక్ టైప్ వారి బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు వంటివీ అన్నీ స్వేచ్ఛా లైసెన్సుతో ఉచితంగా దొరుకుతున్నాయి, వ్యాపారం బోర్డు మీద వాడుకోవడానికి అభ్యంతరం లేదు. రవిప్రకాష్ అందమైనదే, కానీ ఆ ఒంపులు ఆహ్వాన పత్రికకు సరిపోయేవి. చేతిలోకి తీసుకొని చూసే కాగితానికీ తలెత్తి చూసే బోర్డుకూ ఒకే అలంకారం నప్పదు. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని పేరాలు చదవడానికే చేశారు. బోర్డు మీదికి పెంచి చూస్తే గీత సన్నబడినట్టు అనిపించింది. రామభద్ర దగ్గర చాలాసేపు ఆగాను. శీర్షికలకు అంతకంటే నిండైన అక్షరం అరుదు. కానీ నా మాటలో "పు" ఉంది, "స్త" ఉంది. పకారంలోనూ సకారంలోనూ తలకట్టు అక్షరం ఒంటికి తగలకుండా పైన విడిగా నిలుస్తుంది. అంత లావు గీతతో దూరం నుంచి చూస్తే ఆ సందు పూడుకుపోయి, పకారం ఏదో వకారపు వంశంలోకి వెళ్లిపోతోంది. "డిం" లోని సున్న లోపలి ఖాళీకి కూడా అదే గతి పట్టింది. దూరం నుంచి చూసేటప్పుడు గీత ఎంత లావుందన్నదాని కంటే గీతల మధ్య ఎంత ఖాళీ ఉందన్నదే ఎక్కువ లెక్కకు వస్తుంది.

ఆ ఖాళీ కోసమే చివరికి అనేక్ తెలుగు వైపు మొగ్గాను. దానిలో గీత లావునూ అక్షరం వెడల్పునూ వేరు వేరుగా మార్చుకోవచ్చు. 6 అడుగుల పొడవులో మాట పట్టక, మామూలు ఫాంటును పక్కల నుంచి నొక్కి కుదిస్తే నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగానే ఉండిపోతాయి, అక్షరం వంకరపోయినట్టు కనిపిస్తుంది. చాలా ఫ్లెక్సీల మీద కనిపించే వికారానికి కారణం అదే. వెడల్పు తక్కువగా కావాలంటే ఆ వెడల్పుకే గీసిన అక్షరం వాడుకోవాలి. నేను సెమీబోల్డ్ లావులో, అంటే బోల్డ్ కంటే కాస్త తక్కువ లావులో, మామూలు కంటే కాస్త ఇరుకైన వెడల్పులో పెట్టాను.

లావు విషయంలో నాకు ధైర్యం ఇచ్చినది బ్రిటన్ రోడ్డు బోర్డుల పద్ధతి. జాక్ కిన్నియర్, మార్గరెట్ కాల్వర్ట్ కలిసి ఆ దేశపు రోడ్ల కోసం ట్రాన్స్‌పోర్ట్ అనే అక్షరమాలను రూపొందించారు. కొత్త బోర్డులు 1965లో అమలులోకి వచ్చాయి. దానిలో రెండు లావులు ఉన్నాయి. ముదురు రంగు నేపథ్యం మీద తెల్ల అక్షరాలకు సన్నదైన మీడియం వాడతారు, లేత నేపథ్యం మీద నల్ల అక్షరాలకు లావైన హెవీ వాడతారు. ముదురు రంగు మధ్యలో ఉన్న తెలుపు, ముఖ్యంగా వెలుతురు పడినప్పుడు, అంచులు దాటి వ్యాపించినట్టు కంటికి తోస్తుంది, అందుకని దాన్ని ముందే కొంచెం సన్నంగా గీయాలి. నా బోర్డు లేత పసుపు మీద ముదురు నీలం. వెనక లైటు లేదు. కనుక గీత కాస్త నిండుగానే ఉండవచ్చు, మితిమీరకుండా.

నమూనాను తెర మీద చూసి ఒప్పుకోవడం ఇష్టం లేక, "స్త", "డిం" అనే రెండు అక్షరాలను అసలు సైజులో కాగితాల మీద ప్రింటు తీసి, గోడ మీద బోర్డు ఉండబోయే ఎత్తులో అంటించాను. అప్పుడే లెడ్జర్లు తీసుకుపోవడానికి వచ్చిన ఒక పెద్దాయనను, "బాబాయి గారూ, కాస్త అవతలికి వెళ్లి ఏం కనిపిస్తోందో చెబుతారా?" అని అడిగాను. ఆయన కళ్లజోడు జేబులోనే ఉంచుకొని వెళ్లి, డిం సరిగ్గానే చెప్పారు, స్త దగ్గర మాత్రం, "సకారం తెలుస్తోందమ్మా, కింద వేలాడేదేమిటో తెలియడం లేదు" అన్నారు. ఆయన అన్నది నిజమే. ఫాంటులో తకారపు వత్తు చాలా చిన్నదిగా, సకారానికి బాగా కిందుగా ఉంది.

చేత్తో బోర్డులు రాసేవారికి ఈ ఇబ్బంది ఉండదు. వారు గోడ మీద రెండు గీతలు కొట్టుకొని, ఆ గీతల మధ్య అక్షరం ఒంటిని నింపి, గుడులనూ వత్తులనూ ఖాళీ దొరికిన చోటల్లా సర్దుతారు. పక్కనున్న "కా" కింద ఏమీ లేదు కదా అని తకారపు వత్తును అటువైపు కొంచెం సాగదీసి, పైకి జరిపి, లావు చేసి రాస్తారు. ఫాంటుకు పక్కన ఏ అక్షరం వస్తుందో ముందుగా తెలియదు కనుక ఏది వచ్చినా గుద్దుకోకుండా వత్తును బుద్ధిగా చిన్నది చేసి కింద కూర్చోబెడుతుంది. నాకు రాయవలసినది ఒకే ఒక్క మాట. అందుకని అక్షరాలను గీతల బొమ్మగా, అంటే కర్వ్స్‌గా మార్చి, వత్తును పైకి జరిపి, దాదాపు నాలుగో వంతు పెంచి, కాస్త కుడి వైపుకు నెట్టాను. పెంచిన చోట గీత కూడా లావెక్కుతుంది కాబట్టి దాన్ని మళ్లీ చెక్కవలసి వచ్చింది. బోర్డు ఆయనకు ఫోనులో చెబితే, "ఫాంటును కెలికితే అందం పోతుంది మేడం" అన్నారు. మార్చిన కాగితం ఫొటో రోడ్డు అవతలి నుంచి తీసి పంపాక ఇంకేమీ అనలేదు.

అక్షరాల మధ్య ఎడం కూడా ఆ పనిలోనే సరిచేశాను. ఎదురుగా నిలబడి చదివేవారు కొందరే. ఎక్కువమంది గోడ పక్కగా నడుస్తూ ఏటవాలుగా చూస్తారు, అలా చూసినప్పుడు వెడల్పు కుదించుకుపోయి, దగ్గరగా ఉన్న అక్షరాలు ఒకదానిలోకి ఒకటి దూరిపోతాయి. ఎడాన్ని స్కేలుతో సమానం చేస్తే కంటికి సమానంగా ఉండదు. ల లాంటి గుండ్రటి అక్షరం పక్కన కొంచెం తక్కువ ఖాళీ చాలు, కా లోని దీర్ఘం చివర వచ్చే చోట కొంచెం ఎక్కువ కావాలి.

ఫైలు పంపడంలో ఒక చిక్కు వచ్చింది. బోర్డు ఆయన పనిచేసేది "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లతో. అవి యూనికోడ్‌వి, అంటే ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే పద్ధతివి, కావు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకొని పనిచేస్తాయి, అందువల్ల ఆ ఫాంటు కంప్యూటర్‌లో ఉంటే చాలా సాఫ్ట్‌వేర్‌లలో చెదరకుండా వస్తాయి. యూనికోడ్ ఫాంటుతో రాసినదాన్ని ఆయన కంప్యూటర్‌లో తెరిస్తే "స్త" విడిపోయి, సకారం మీద పొల్లు నిలిచి తకారం పక్కకు వచ్చింది. ఫోటోషాప్ పాత వెర్షన్లలోనైతే టైప్ సెట్టింగుల్లో మధ్యప్రాచ్య, దక్షిణాసియా భాషల పద్ధతిని ఎంచుకోకపోతే ఇదే జరిగేది. కర్వ్స్‌గా మార్చి పీడీఎఫ్ పంపితే ఆ బెడద లేదు.

మిగిలింది ఫోన్ నంబరు. 3, 6, 8, 9 అంకెల నోళ్లు బాగా తెరుచుకొని ఉన్న రూపం ఎంచుకున్నాను. 3 కొసలు లోపలికి వంగిపోతే అది దూరం నుంచి 8 అయిపోతుంది, ఆ ఫోను ఎవరికో వెళ్తుంది. పది అంకెలను ఒకే బారుగా రాయకుండా ఐదేసి చొప్పున విడదీశాను.

సాయంత్రం ఫైలు అందిందని చెబుతూ ఆయన చివరగా, "షాడో వేయమంటారా? అవుట్‌లైన్ ఏమైనా?" అని అడిగారు. నీడ వేస్తే ఇంత కష్టపడి మిగిల్చుకున్న సందులన్నీ దానితోనే నిండిపోతాయి. రెండూ వద్దనీ, పకారం, సకారాల మీది విడి తలకట్టు ముక్కలు వినైల్‌లో, అంటే అక్షరాలు కత్తిరించి అంటించే ప్లాస్టిక్ షీటులో, చిన్నవి కావడం వల్ల ముందుగా ఊడేవి అవే కనుక వాటిని కాస్త ఒత్తి అంటించమనీ రాసి పంపాను. "సరే మేడం" అని జవాబు వచ్చింది.