పాత అపార్ట్‌మెంట్‌లో డక్ట్ క్లీనింగ్: నా అనుభవం

ఏసీ వేసిన మొదటి కాసేపు ముక్కిపోయిన వాసన. గదుల్లో గాలి వచ్చే గ్రిల్స్ చుట్టూ సీలింగ్ మీద నల్లటి చారలు. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఉన్నా ఎంతకీ ఆరని తేమ. చూడ్డానికి మూడూ ఒకటే సమస్యలా ఉంటాయి, డక్టులు, అంటే ఏసీ గాలి వెళ్లే గొట్టాలు, కడిగిస్తే అన్నీ పోతాయనిపిస్తుంది. మా ఫ్లాట్‌లో తేలిందేమిటంటే, మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు. వాటిలో డక్టుల్లో పేరుకున్న దుమ్ము వాటా చాలా తక్కువ.

మాది కట్టి నలభై ఏళ్లు దాటిన బిల్డింగ్. ప్రతి ఫ్లాట్‌కీ కారిడార్ ఫాల్స్ సీలింగ్‌లో గాలిని చల్లబరిచి నెట్టే ఒక ఎయిర్ హ్యాండ్లర్, దాని నుంచి గదులకి రేకు డక్టులు. ఇంతవరకు ఎవరి ఫ్లాట్ వాళ్లది. బాత్రూమ్, కిచెన్ ఎగ్జాస్టులు మాత్రం కింది నుంచి పై దాకా నిలువుగా వెళ్లే ఉమ్మడి షాఫ్ట్‌లో కలుస్తాయి. టెర్రస్ మీద ఒకే ఒక పెద్ద ఫ్యాన్ ఆ గాలినంతా లాగాలి. పాత బిల్డింగుల్లో సగం తలనొప్పి ఈ ఉమ్మడి భాగంతోనే. క్లీనింగ్ కంపెనీలు మాట్లాడేదేమో మిగతా సగం గురించి.

ఫోన్ చేస్తే "ఎన్ని గ్రిల్స్ ఉన్నాయి సార్?" అని మాత్రం అడిగి రేటు చెప్పేసినవాళ్లే ఎక్కువ. బిల్డింగ్ ఎప్పుడు కట్టారు, డక్టుల లోపల ఇన్సులేషన్ లైనింగ్ ఉందా, అసలు మీ ఇబ్బంది ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. శానిటైజింగ్ ఫ్రీ అని మాత్రం అందరూ చెప్పారు. ఫ్రీగా ఇంట్లో మందు కొడతామంటే నాకెందుకో నచ్చలేదు.

అప్పుడు చదివాను, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇళ్లలోని డక్టుల గురించి 1997లో వేసిన చిన్న పుస్తకం. డక్టులు శుభ్రం చేయించి ఆరోగ్య సమస్యల్ని అడ్డుకోవచ్చని ఇంతవరకు రుజువు కాలేదని అందులో సూటిగా రాశారు. డక్టు గోడలకి అంటుకున్న దుమ్ములో చాలా భాగం అక్కడే ఉండిపోతుంది, తప్పనిసరిగా గదిలోకి రావాలని లేదు. అయితే మూడు సందర్భాల్లో చేయించమంటారు: లోపల కంటికి కనిపించే ఫంగస్ ఉంటే, ఎలుకలో పురుగులో కాపురం పెడితే, దుమ్మూ చెత్తా పేరుకుని గ్రిల్స్ లోంచి గదిలోకి రాలుతుంటే. ఏడాదికోసారి రొటీన్‌గా చేయించాలని ఎక్కడా లేదు. కాబట్టి ముందు లోపల ఏముందో చూడాలి.

చూడటానికి పెద్ద సాధనాలేమీ అక్కర్లేదు. ఏసీ స్విచ్ ఆపి, గ్రిల్ స్క్రూలు విప్పి, ఫోన్‌లో టార్చ్ వేసి, వీడియో ఆన్ చేసి చెయ్యి లోపలికి పెట్టడమే. గదుల్లోకి గాలి వచ్చే డక్టుల్లో పల్చటి బూడిదరంగు పొర తప్ప ఏమీ లేదు. గది గాలిని వెనక్కి లాగే రిటర్న్ వైపు మాత్రం దుమ్ము దండిగా ఉంది. ఎందుకో ఫిల్టర్ తీస్తే తెలిసింది. ఫిల్టర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య వేలు దూరేంత సందు. గాలి తేలిగ్గా వెళ్లే దారి చూసుకుంటుంది కాబట్టి, ఫిల్టర్ ఉన్నా దాని పక్క నుంచే దుమ్ముతో సహా లోపలికి వెళ్లిపోతోంది.

సీలింగ్ మీది నల్ల చారల సంగతి కూడా అక్కడే తేలింది. నేను ఫంగస్ అని భయపడ్డవి ఉత్త దుమ్ము మరకలు. గ్రిల్ లోంచి చల్లగాలి వేగంగా వచ్చేటప్పుడు చుట్టూ ఉన్న గది గాలిని తనతో లాక్కుంటుంది. ఆ గాలిలోని సన్నటి ధూళి గ్రిల్ అంచుల దగ్గర సీలింగ్‌కి అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. అంటే అది డక్టులోంచి వచ్చిన మురికి కాదు, మన గదిలోదే.

ముక్కవాసనకి కారణం ఎయిర్ హ్యాండ్లర్ మూత తీయించాక కనిపించింది. చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి కింద ట్రేలోకి కారుతుంది, అక్కడి నుంచి పైపు ద్వారా బయటికి పోవాలి. పైపు జిగటతో మూసుకుపోయి ట్రేలో నీళ్లు నిలిచి ఉన్నాయి. కాయిల్ రేకుల మధ్య నల్లటి పొర. బ్లోయర్ రెక్కల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుంది. తడి, దుమ్ము, చీకటి మూడూ ఒకచోట ఉంటే ఫంగస్‌కి ఇంకేం కావాలి! గ్రిల్స్ లెక్కబెట్టి రేటు చెప్పినవాళ్ల కోట్స్‌లో కాయిల్, ట్రే, బ్లోయర్ అసలు లేనే లేవు. వీటిని వదిలేసి డక్టులు ఎంత తోమినా, ఏసీ వేసిన మర్నాడు వాసన మళ్లీ మొదలవుతుంది.

ఇక బాత్రూమ్. ఒక టిష్యూ పేపర్ ముక్కని ఎగ్జాస్ట్ గ్రిల్ దగ్గర పెట్టి చూడండి. ఫ్యాన్ లాగుతుంటే అతుక్కోవాలి. మా ఇంట్లో పేపర్ ఎదురు ఎగిరింది. గాలి బయటికి పోవడం పోయి, షాఫ్ట్ లోంచి మా బాత్రూమ్‌లోకి వస్తోంది! ఎవరి ఫ్లాట్‌లో ఎప్పుడు వంట అవుతోందో మాకు తెలిసిపోవడానికి కారణం అదే.

అసోసియేషన్ సెక్రటరీని బతిమాలి టెర్రస్ తాళం తీయించాను. షాఫ్ట్ మీద ఫ్యాన్ మోటార్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఫ్యాన్ మాత్రం కదలడం లేదు. రెండిటి మధ్య ఉండాల్సిన బెల్ట్ తెగిపోయి పక్కన పడి ఉంది. మోటార్ శబ్దం వినిపిస్తోంది కాబట్టి అంతా బాగానే ఉందని వాచ్‌మన్ నుంచి కమిటీ దాకా అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఎన్నాళ్లుగా ఉత్త మోటార్‌కి కరెంట్ బిల్లు కడుతున్నామో ఎవరికీ తెలియదు.

మా బిల్డింగ్‌లో మొదటి నుంచీ ఉన్న పెద్దాయన ఒకరు ఇంకో సంగతి చెప్పారు. "బాబూ, ఫ్యాన్ ఒక్కటే కాదు. పైన రిపేర్లు చేయించుకున్నప్పుడు పగలగొట్టిన ప్లాస్టరంతా ఈ షాఫ్ట్‌లోనే పోశారు. నేను అప్పుడే గొడవ పెట్టాను." కింద ఫ్లోర్‌లో షాఫ్ట్ తలుపు తీసి చూస్తే ఆయన చెప్పింది నిజమే. దానికి తోడు మా పై ఫ్లోర్ వాళ్లు, తమ బాత్రూమ్ ఎగ్జాస్ట్ లాగడం లేదని, సొంతంగా ఒక గట్టి ఫ్యాన్ కొని షాఫ్ట్‌లోకి బిగించుకున్నారు. ఉమ్మడి షాఫ్ట్‌లోకి ఒక ఫ్లాట్ వాళ్లు గాలి నెడితే అది పైకే పోవాలని లేదు. పైన లాగే ఫ్యాన్ పనిచేయనప్పుడు ఆ గాలి దగ్గర్లో ఎక్కడ గ్రిల్ ఉంటే ఆ ఇంట్లోకి దూరుతుంది.

షాఫ్ట్ పని అసోసియేషన్ తేల్చేలోగా ఫ్లాట్ లోపలి పని చేయిద్దామనుకున్నాను. ఈసారి ఇంటికొచ్చి చూశాకే రేటు చెప్పేవాళ్లనే పిలిచాను. వచ్చినాయన ఫాల్స్ సీలింగ్‌లోకి తల పెట్టి, డక్టుల అతుకుల మీద ఉన్న తెల్లటి పాత టేపు చూసి, "సార్, దీన్ని ముట్టుకోను. ముందు టెస్ట్ చేయించండి" అన్నారు. అందులో ఆస్‌బెస్టాస్ అనే పీచు ఖనిజం ఉందేమోనని అనుమానం. 1980కి ముందు కట్టిన బిల్డింగుల్లో డక్టుల చుట్టూ, అతుకుల మీద ఆస్‌బెస్టాస్ కలిపిన టేపులు, చుట్టలు వాడటం మామూలే. కదిలించకుండా ఉంటే పెద్దగా ప్రమాదం లేదు. బ్రష్షులు పెట్టి అదిలిస్తే దాని సన్నటి పీచులు గాలిలో కలుస్తాయి. ఆస్‌బెస్టాస్‌లో ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ టేపు ముక్కని మనం చేత్తో గీకి తీయకూడదు, శాంపిల్ కూడా తెలిసినవాళ్లే తీయాలి. రిపోర్ట్ వచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే. ఆస్‌బెస్టాస్ లేదని వచ్చింది. పని వాయిదా పడినా, నాకు ఆ కంపెనీ మీద నమ్మకం కుదిరింది అక్కడే. పోయే బేరాన్ని కూడా లెక్కచేయకుండా ఆగమన్నవాళ్లు మిగతా పని కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారనిపించింది.

ఈ పనికి అమెరికాలో 1989 నుంచి నాడ్కా అనే డక్ట్ క్లీనర్ల సంఘం ఉంది. వాళ్ల ప్రమాణాల్లో మూలసూత్రం ఒక్కటే: మురికిని లోపల కదిలించడం, అణచడం కాదు, బయటికి తీసెయ్యాలి. నేను కంపెనీతో కాగితం మీద రాయించుకున్నది కూడా అదే. డక్టులతో పాటు కాయిల్, ట్రే, పైపు, బ్లోయర్ అన్నీ చేయాలి. పనికి ముందూ తర్వాతా ఒకేచోట తీసిన ఫొటోలు ఇవ్వాలి. నా అనుమతి లేకుండా ఏ రసాయనమూ వాడకూడదు.

పని రోజు ఇల్లంతా ప్లాస్టిక్ షీట్లే. మెయిన్ డక్ట్‌కి చిన్న తలుపులా కోసి, పెద్ద గొట్టంతో నెగెటివ్ ఎయిర్ మెషీన్ తగిలించారు. అది డక్ట్ లోపలి గాలిని ఆపకుండా లాగుతూనే ఉంటుంది. దాంతో లోపల దుమ్ము ఎంత లేచినా గదిలోకి రాకుండా మెషీన్‌లోకే పోతుంది. పని జరుగుతున్న గ్రిల్ తప్ప మిగతావన్నీ మూసేస్తారు. మెషీన్ గాలిని ఇంట్లోకే వదిలేటట్టయితే దానికి హెపా ఫిల్టర్ ఉండి తీరాలి. 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం పట్టేదాన్నే హెపా అంటారు. రేకు డక్టుల్లో చివరి నుంచి మెషీన్ వైపుకి తిరిగే బ్రష్ తోశారు. చివర్లో ఉండే మెత్తటి ఫ్లెక్సిబుల్ గొట్టాల్లో బ్రష్ పెడితే చిరుగుతాయని, అక్కడ గాలి కొట్టే సన్నటి కొరడా గొట్టం వాడారు. చప్పుడు మాత్రం భరించలేం. చిన్నపిల్లలుంటే ఆ పూటకి ఎక్కడికైనా పంపేయడం మంచిది.

లోపలి నుంచి వచ్చినవాటిలో ఎక్కువ భాగం బిల్డింగ్ కట్టినప్పటి చెత్తే. రంపపు పొట్టు, మేకులు, ఎండిన సిమెంటు పెళ్లలు, కొన్ని బొద్దింక గుడ్ల తొడుగులు. ఎయిర్ హ్యాండ్లర్ పక్కనే ఉన్న కొద్ది భాగంలో ఫైబర్‌గ్లాస్ లైనింగ్ ఉంది, అది తడిసి నల్లబడింది. టెక్నీషియన్ దాన్ని శుభ్రం చేస్తాననలేదు, మార్చాలన్నారు. అది సరైన మాటే. తడిసి ఫంగస్ పట్టిన ఫైబర్‌గ్లాస్‌ని పూర్తిగా శుభ్రం చేయడం కుదరదు.

శానిటైజింగ్ దగ్గర మాత్రం వాదన అయింది. "సార్, ఒకసారి ఫాగింగ్ చేస్తే క్రిములన్నీ పోతాయి, అందరూ చేయించుకుంటారు" అన్నారు సూపర్‌వైజర్. లేబుల్ చూపించమన్నాను. అది ఏసీ డక్టుల్లో వాడటానికి అనుమతి ఉన్నదేనా, ఏ ఉపరితలాల మీద, ఎంతసేపు తడిగా ఉండాలి, తర్వాత ఇంట్లోకి ఎప్పుడు రావచ్చు అన్నీ లేబుల్ మీదే ఉండాలి. ఆయన చూపించిన డబ్బా మీద రేకులాంటి గట్టి ఉపరితలాలకి మాత్రమే అని ఉంది. పొగమంచులా గాల్లోకి కొట్టింది డక్ట్ గోడల మీద అంతటా సమంగా పడుతుందన్న హామీ లేదు, దుమ్ము మీద పడితే అసలు పనిచేయదు. పైగా ఫంగస్ చచ్చినా దాని కణాలు అలర్జీ తెప్పిస్తూనే ఉంటాయి, కాబట్టి తుడిచి తీసేయడమే అసలు పని. చివరికి కడిగి ఆరబెట్టిన ట్రేలో, దాని చుట్టూ ఉన్న రేకు మీద గుడ్డతో పూయడానికి ఒప్పుకున్నాను, డక్టుల్లో వద్దన్నాను. ఓజోన్ మెషీన్ పెడతామన్నది కూడా వద్దన్నాను. మనుషులకి హాని చేయని మోతాదులో ఓజోన్ గాలిని పెద్దగా శుభ్రం చేయదని ఈపీఏ చెబుతుంది.

కోసిన తలుపులు ఎలా మూస్తున్నారో కూడా పక్కన నిలబడి చూశాను. రేకు పలక, రబ్బర్ గాస్కెట్, స్క్రూలు. బూడిదరంగు గుడ్డ టేపు అంటిస్తామంటే ఒప్పుకోవద్దు. వేడీ చల్లదనం మారుతుంటే అది ఊడిపోతుంది. 1998లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ రకరకాల టేపుల్ని పరీక్షిస్తే డక్టుల మీద విఫలమైంది ఆ గుడ్డ టేపే.

ఫిల్టర్ ఫ్రేమ్ సందుకి గాస్కెట్ వేయించాను. మెర్వ్ 13 ఫిల్టర్ పెట్టాలని నా ఆశ (ఫిల్టర్ ఎంత సన్నటి ధూళిని పడుతుందో చెప్పే కొలత మెర్వ్). కానీ అంత దట్టమైన ఫిల్టర్‌లోంచి గాలి లాగే బలం పాత బ్లోయర్‌కి లేదన్నారు, ఒక మెట్టు కింద ఆగాం. ఇంట్లో తేమ చూడటానికి చిన్న మీటర్ కొన్నాను. 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మేలు. ముక్కవాసన ఆ రోజుతో పోయింది, చల్లదనం కూడా పెరిగింది. నా అంచనాలో ఆ గొప్పంతా కాయిల్‌దీ బ్లోయర్‌దీ. గదుల డక్టులు చేయించకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు.

షాఫ్ట్ సంగతి కమిటీ మీటింగ్‌లో నలిగింది. కింది ఫ్లోర్ వాళ్లు మాకేం ఇబ్బంది లేదు, మేమెందుకు కట్టాలన్నారు. టిష్యూ పేపర్ పరీక్ష వాళ్ల బాత్రూమ్‌లోనే చేసి చూపించాక కొంత మెత్తబడ్డారు. ముందు బెల్ట్ వేశారు, తర్వాత ప్లాస్టర్ తీయించి షాఫ్ట్ శుభ్రం చేయించారు. ఆ పని జరిగేటప్పుడు ఒకటి తప్పనిసరిగా చూసుకోవాలి. షాఫ్ట్ గోడ దాటేచోట మంటలు పాకకుండా సాధారణంగా ఫైర్ డ్యాంపర్లు, అంటే మంట వస్తే దారి మూసేసే రెక్కలు, ఉంటాయి. దాదాపు 74 డిగ్రీల సెల్సియస్ వేడికి కరిగే చిన్న లింకు వాటి రెక్కల్ని పట్టి ఉంచుతుంది. బ్రష్ తగిలి రెక్క పడిపోతే ఆ ఇంట్లో ఎగ్జాస్ట్ ఆగిపోతుంది, లింకు తీసి కట్టేస్తే మంటలప్పుడు రెక్క పడదు. అన్నీ తెరిచి ఉన్నాయో లేదో ఫ్లాట్ ఫ్లాట్‌కీ తిరిగి చూడమని పట్టుబట్టాం. రెండు చోట్ల మూసుకుపోయే ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లేమో తమ బాత్రూమ్‌లో తేమకి గోడే కారణమనుకుని పెయింట్లు మారుస్తున్నారు.

ఇప్పుడు మా గ్రిల్‌కి పేపర్ అతుక్కుంటోంది. పై ఫ్లోర్ వాళ్ల సొంత ఫ్యాన్ మాత్రం ఇంకా ఊడలేదు. వెనక్కి గాలి రాకుండా దానికో డ్యాంపర్ అయినా పెట్టిస్తామని సెక్రటరీ అన్నారు. వచ్చే మీటింగ్ అజెండాలో మొదటి అంశం అదే.