మా అమ్మ తలెత్తిన చోట్లు: ఒక ఫోక్ సాంగ్ తీసిన నా అనుభవం

మాది జగిత్యాల దగ్గర ఊరు. పన్నెండేళ్ల నుంచి పెళ్లి వీడియోలు తీస్తున్నా. ఏ పాట పడితే చుట్టాలు కుర్చీల్లోంచి లేస్తారో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఒక గర్వం ఉండేది. ఆ గర్వంతోనే యూట్యూబ్‌లో పెట్టడానికి సొంతంగా ఒక ఫోక్ సాంగ్, అంటే జానపద పాట వీడియో, తీద్దామని దిగా. 50,000లో అయిపోతుందనుకున్నది 85,000 దాకా లాగింది, అందులో 20,000 మా బావమరిది దగ్గర తెచ్చినవి, ఇంకా పూర్తిగా తీరలేదు. ఎంతయింది అన్నా, వ్యూస్ ఎట్లొస్తయి అన్నా అని కొత్తగా దిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నా.

మా అమ్మ నాట్లప్పుడు పాడే ఒక వరస ఉంది. మా ఊరి తమ్ముడొకడు దానికి కొత్త మాటలు కట్టి బావా మరదళ్ల పాటగా రాశాడు. దాన్ని పట్టుకుని కరీంనగర్‌లో ఒక స్టూడియోకు పోతే, ట్రాక్ చేసే, అంటే పాటకు సంగీతం కట్టే, అన్న పాట మొత్తం విని ఒకటే అడిగాడు. "ఇది వినెటోళ్లకా, ఎగిరెటోళ్లకా?"

రెండూ అన్నా. ఆయన నవ్వి, టీ తెప్పించి, నేను ముచ్చటపడి పెట్టుకున్న 38 సెకన్ల ఫ్లూట్ ముక్కను 6 సెకన్లకు కోసేశాడు. పొద్దు పొడిచేటప్పుడు చెరువు, మంచు, కొంగలు, వాటి మీద ఫ్లూట్, అదంతా నా బుర్రలో ముందే షూటింగ్ అయిపోయి ఉంది. ఆయనేమో కోరస్ ఆడవాళ్ల కేక తెచ్చి పాట మొదట్లోనే పెట్టి, దాని కింద డప్పు దరువు వేసి "ఇగ విను" అన్నాడు. ఇంటికొచ్చేదాకా బస్సులో మొహం మాడ్చుకునే కూర్చున్నా.

షూటింగ్ రెండు రోజులు. మామిడి తోట, కాకతీయ కాలువ గట్టు, మా చిన్నమ్మ వాళ్ల పెంకుటిల్లు. నేను పెళ్లి కెమెరా వాణ్ని కదా, దగ్గరి షాట్లంటే ప్రాణం: కళ్లు, గాజులు, వెనక అంతా మసకగా పోవాలి. డ్యాన్స్ మాస్టర్‌తో మొదటి గంటలోనే గొడవ. "అన్నా, కాళ్లు కనబడాలె, కాళ్లు లేకపోతే స్టెప్పు ఎవడు నేర్చుకుంటడు?" అంటాడు. సినిమా తీస్తున్నామా, స్టెప్పులు నేర్పిస్తున్నామా అన్నా. ఆయన కోపం తెచ్చుకోలేదు, పోయి నీడలో కూర్చున్నాడు. చివరికి ఆయన మాట సగం, నా మాట సగం.

స్లోమోషన్ దగ్గర మాత్రం నా పరువే పోయింది. సెకనుకు 50 ఫ్రేముల్లో తీసి 25 మీద నడిపితే బొమ్మ సగం వేగంతో కదులుతుంది, అది పెళ్లిళ్లలో రోజూ చేసేదే. కానీ పెళ్లిలో ఎవరూ పాటకు పెదాలు కలపరు కదా. ఇక్కడ అమ్మాయి పాడుతూ నడిచే షాట్‌కు స్పీకర్‌లో పాటను రెండింతల వేగంతో పెట్టాలి, ఆ వేగానికే ఆమె పెదాలు కదపాలి, అప్పుడు ఎడిటింగ్‌లో సరిగ్గా కూర్చుంటుంది. ఈ సంగతి మాస్టర్ చెప్పేదాకా నాకు తట్టలేదు, అప్పటికి రెండు గంటల షూటింగ్ వృథా. పాట సన్నటి కీచు గొంతుతో గబగబా నడుస్తుంటే అమ్మాయి నవ్వు ఆపుకోలేక తొమ్మిది టేకులు తిన్నది. చుట్టూ చేరిన పిల్లలకైతే అదే అసలు పాట.

ఇక ఈ పాటంతా నాకు అర్థమైన చోటికి వస్తా.

మా అమ్మ బీడీలు చుడుతుంది. మా వైపు చాలా ఇళ్లలో ఇదే పని, మధ్యాహ్నం వంట అయ్యాక నలుగురైదుగురు ఒక ఇంటి అరుగు మీదో వరండాలోనో చేరి, చాటలు ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించుకుంటూ కూర్చుంటారు. పక్కన టీవీలోనో ఫోన్‌లోనో పాటలు నడుస్తూనే ఉంటాయి. చేతులు ఆగవు, ఆగితే వెయ్యి బీడీలు పూర్తి కావు. కాబట్టి వాళ్లు పాట చూడరు, వింటారు. ఏదో ఒక చోట మాత్రం తలెత్తి చూసి మళ్లీ ఆకులో పడతారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఎన్నడూ ఆలోచించలేదు.

ఎడిటింగ్ ఒక దారికొచ్చాక ఊరికే చూపిద్దామని టీవీకి పెట్టా. నాలుగు నిమిషాల పాటలో అమ్మ ఆరుసార్లు తలెత్తింది. రెండోసారి వేసినప్పుడు ఒక కాగితం తీసుకుని ఎవరు ఏ సెకనుకు తలెత్తుతున్నారో రాసుకున్నా. మొదట్లో కోరస్ కేక వినగానే అందరూ చూశారు (నేను మొహం మాడ్చుకున్న కేక అది). అమ్మాయి చీర మారినప్పుడల్లా చూశారు, చీర ఎంతదని ఒక చర్చ కూడా నడిచింది. రెండో చరణం ముందు మ్యూజిక్ బిట్‌లో ఎనిమిది మంది వరసగా వేసే స్టెప్పుకు చూశారు. పెంకుటిల్లు రాగానే అమ్మ చేతిలో ఆకు పట్టుకునే "అగో, గది మన చిన్నమ్మోళ్ల ఇల్లు గాదు?" అని ఆగిపోయింది, అంతమందిలో చేతులు ఆగింది అప్పుడొక్కసారే.

డ్రోన్ షాట్‌కు ఒక్కరు కూడా తలెత్తలేదు. చెరువు మీద నుంచి తోట దాకా 11 సెకన్లు పోయే షాట్, ఒక పూటకు డ్రోన్ కిరాయి 4,000.

ఒక పాత సంగతి గుర్తొచ్చింది. మేం పిల్లలుగా ఉన్నప్పుడు దూరదర్శన్‌లో శుక్రవారం చిత్రలహరి కోసం వీధి మొత్తం ఒక ఇంట్లో చేరేది, అప్పుడు పాటంటే వారానికోసారి దొరికే వస్తువు, ఏది వేసినా కళ్లు ఆర్పకుండా చూశాం. తర్వాత ఇరవై నాలుగ్గంటలూ పాటలే వేసే ఛానళ్లు వచ్చాయి, మా మ్యూజిక్, జెమినీ మ్యూజిక్ లాంటివి. పాట ఇక అరుదైనది కాదు, మరి జనాన్ని కూర్చోబెట్టేది ఏంటి? ఫోన్ చేసి పాట అడగొచ్చు, యాంకర్ మన పేరు పలుకుతుంది, ఆ పాట ఇంట్లో అందరికీ అంకితం చేయొచ్చు. ఇంకోటి, స్క్రీన్ కింద మెసేజ్‌లు పాకుతూ పోయేవి, ఫలానా వాళ్లకు పుట్టినరోజు శుభాకాంక్షలు, ఫలానా పేరు పక్కన ఒక గుండె బొమ్మ. నేనూ మా దోస్తూ మూడు రూపాయలో ఎంతో పోయి మెసేజ్ పెట్టి, మా పేరు వచ్చేదాకా గంటసేపు కూర్చున్నాం. పైన ఏ పాటలు వచ్చాయో ఒక్కటీ గుర్తులేదు. పేరు ఎడమ వైపుకు జారిపోవడం మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ఛానళ్లకు ఇందులో ఇంకో సుఖం కూడా ఉండేది. అమెరికాలో 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైనప్పటి సూత్రమే ఇది: పాటల వీడియోలు మ్యూజిక్ కంపెనీలే తీసి ఇస్తాయి, వాళ్లకు అది ప్రచారం, ఛానల్‌కు అది కార్యక్రమం. మన దగ్గర ఆ కంపెనీ స్థానంలో సినిమా ఉంది. సినిమా పాట సినిమాకు ప్రకటన, హీరో పోస్టర్ల మీద అక్షరాలు కదిలే లిరికల్ వీడియో అయినా జనం చూస్తారు, ఎందుకంటే వెనక సినిమా రాబోతోంది. మా పాట వెనక ఏ సినిమా రాదు. పాటే ఉన్నదంతా. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైపోయాక ఇలాంటి పాటలకు దారి దొరికింది, 2020 జూన్‌లో టిక్‌టాక్ బంద్ అయ్యాక అక్కడ స్టెప్పులేసే పిల్లలంతా యూట్యూబ్ షార్ట్స్‌కూ ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కూ వచ్చారు. అంటే మా వీడియోకు డబ్బు పెట్టి ప్రచారం చేసేవాళ్లెవరూ లేరు, స్టెప్పేసే ఆ పిల్లలే మా ప్రచారం.

కాగితం పట్టుకుని మళ్లీ ఎడిటింగ్‌కు కూర్చున్నా. డ్రోన్‌ను 3 సెకన్లకు కోశా, పూర్తిగా తీసేయడానికి మనసొప్పలేదు. గ్రూప్ స్టెప్పు దగ్గర నేను నరికి పెట్టిన దగ్గరి షాట్లన్నీ తీసేసి, తల నుంచి కాళ్ల దాకా కనిపించేలా ఒకే షాట్‌లో ఉంచా. మాస్టర్‌కు ఫోన్ చేసి చెప్తే "మంచిది" అని పెట్టేశాడు, ఆ ఒక్క మాటలో ఎంత ఉందో నాకే తెలుసు.

అప్‌లోడ్ చేసిన మొదటి వారం టెన్షన్ గురించి ఎక్కువ చెప్పను, పెద్దగా ఏమీ కదల్లేదు. చుట్టాలు, దోస్తులు చూశారు, అంతే. తమ్‌నెయిల్, అంటే వీడియో నొక్కకముందు కనిపించే బొమ్మ, మూడు రకాలు పెట్టి పోల్చి చూసుకునే సౌకర్యం యూట్యూబ్‌లో ఉంది, అందులో నేను బాగుందనుకున్నది మూడో స్థానంలో నిలిచింది. గెలిచినదాంట్లో అమ్మాయి కోపంగా చూస్తోంది, అబ్బాయి బిందె పట్టుకుని ఉన్నాడు. బిందె అబ్బాయి చేతిలో ఎందుకుందో తెలుసుకోవాలని నొక్కారేమో.

రెండో వారం నుంచి మెల్లగా కదిలింది. అప్పుడు యూట్యూబ్ వాళ్ల స్టూడియో యాప్‌లో గ్రాఫ్ తెరిచి చూశా, జనం ఏ సెకనులో ఉన్నారు, ఏ సెకనులో పోయారు అన్నది ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీత మామూలుగా కిందికే జారుతుంది. ఎక్కడైనా పైకి లేచిందంటే ఆ ముక్కను వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారని. నా గీత ఎక్కడ లేచిందో చూసి అమ్మ కాగితం వెతుక్కున్నా. గ్రూప్ స్టెప్పు దగ్గర గుట్టలా లేచి ఉంది. పెంకుటిల్లు దగ్గర కూడా చిన్నగా లేచింది, అది మాత్రం వింత, ఆ ఇల్లు మా చిన్నమ్మదని బయటివాళ్లకు తెలియదు కదా.

దానికి జవాబు కామెంట్లలో దొరికింది. మా జిల్లాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, వ్యూస్‌లో ఇండియా తర్వాత సౌదీ, దుబాయ్ వైపు నుంచే ఎక్కువ. రాత్రి పన్నెండింటికి మస్కట్ నుంచి ఒకాయన రాస్తాడు, "మా అవ్వగారిల్లు గిట్లనే ఉండేది తమ్మీ, కూలగొట్టి స్లాబు వేసినం." కింద ఇంకొకరు ఊరి పేరు, ఆ కింద ఇంకొకరు వాళ్ల ఊరి పేరు. పాట బాగుందని రాసినవాళ్ల కన్నా ఊరి పేరు రాసిన వాళ్లే ఎక్కువ. చదువుతుంటే నాకు మెసేజ్‌లు పాకే ఆ పాత స్క్రీనే గుర్తొచ్చింది. ఇక మన ఊళ్లలోని పిల్లల కామెంటయితే ఒకటే: "అన్నా, డీజే వర్షన్ పెట్టు."

డబ్బు సంగతి. ఇలాంటి పెద్ద వీడియోల దారిలో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రయిబర్లు, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. షార్ట్స్‌లో చూసిన సమయం ఈ గంటల్లో కలవదు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, నేనూ పడ్డా. స్టెప్పు ముక్కను షార్ట్‌గా పెడితే అది దూసుకుపోయింది, గంటలు మాత్రం పెరగలేదు. నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల మధ్యలో ఒకరోజు మెయిల్, నా వీడియోలో ఇంకెవరిదో పాట ఉందని కాపీరైట్ క్లెయిమ్. ఏదో తెలియని ఇంగ్లీషు పేరు. నా కాళ్లు చల్లబడ్డాయి. ట్రాక్ చేసిన అన్నకు ఫోన్ చేసి ఎవరి పాటన్నా ఎత్తినవా అని అడిగేశా, ఆయన బాధపడ్డాడు, ఇప్పటికీ ఆ మాటకు సిగ్గుపడతా. రాత్రంతా కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, పాట ఆడియోను మిగతా మ్యూజిక్ యాప్‌ల్లో పెట్టడానికి ఒక డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చా, ఆ ఫారంలో కంటెంట్ ఐడీ అన్న చోట ఏంటో చూడకుండా టిక్ పెట్టా. ఆ టిక్ పెడితే యూట్యూబ్‌లో ఎక్కడ ఆ పాట వినిపించినా డిస్ట్రిబ్యూటర్ పేరుతో దానంతటదే క్లెయిమ్ పడుతుంది, నా ఛానల్ అయినా సరే. నా మీద నేనే ఫిర్యాదు ఇచ్చుకున్నట్టు! మీరు డిస్ట్రిబ్యూటర్‌కు పాట ఇచ్చేటట్టయితే, మీ ఛానల్‌ను మినహాయింపు జాబితాలో పెట్టమని ముందే అడగండి. నేను తర్వాత అడిగా, మూడు మెయిళ్ల తర్వాత పెట్టారు.

మొన్న కోరుట్ల వైపు ఒక పెళ్లి తీశా. బరాత్‌లో డీజే వాడు మా పాట వేశాడు, ఎక్కడ దొరికిందో గానీ డీజే వర్షనే. పెళ్లికొడుకు మేనమామ వచ్చి నా భుజం తట్టి "తమ్మీ, కెమెరా ఇటు తిప్పు, ఈ పాటకు మావోళ్లు మస్తు ఎగురుతరు" అన్నాడు. పాట నాదేనని చెప్పలేదు, చెప్పినా ఆ చప్పుడులో వినబడేది కాదు. స్టెప్పులో మూడో అడుగు తప్పేస్తున్నారు అందరూ, ఒకేలా తప్పేస్తున్నారు. కాళ్లు కనిపించేలా వెనక్కి జరిగి తీశా.

ఆ ముక్కను టీజర్‌లో పెట్టి ఇస్తే పెళ్లికొడుకు తన ఛానల్‌లో వేసుకున్నాడు. మరుసటి రోజు పొద్దున్నే ఫోన్.

"అన్నా, కాపీరైట్ పడ్డదే. ఎవని పాట పెట్టినవ్?"