'సి' పదాల చిక్కు విప్పిన 'దగిన'

పోటీ పరీక్షల ఇంగ్లీషు కోసం పదాలు బట్టీ పడుతున్న మిత్రులకు నా అనుభవం కొంతైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదట్లో రోజుకు ముప్పై పదాలు చొప్పున అక్షర క్రమంలో చదివేదాన్ని. ఎడమవైపు ఇంగ్లీషు పదం, కుడివైపు తెలుగు అర్థం. 'ఎ', 'బి' సాఫీగానే సాగాయి. 'సి'లో క్రెడిబుల్, క్రెడ్యులస్, క్రెడిటబుల్ ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి చిక్కుపడ్డాను. మూడింటి పక్కనా 'నమ్మకం' అన్న మాటే ఏదో ఒక రూపంలో రాసుకున్నాను. నమూనా పరీక్షలో, మోసగాళ్లు ఎలాంటి జనం కోసం వెతుకుతారో చెప్పే వాక్యంలో ఖాళీ ఇచ్చారు. క్రెడిబుల్ అని గుర్తు పెట్టి మార్కు పోగొట్టుకున్నాను. చదవని పదమైతే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రం కొత్త పదాల జోలికి పోకుండా ఆ మూడింటితోనే కూర్చున్నాను. లాటిన్‌లో 'క్రెడో' అంటే 'నమ్ముతున్నాను'. మూడూ ఆ కుదురు నుంచి వచ్చినవే. మరి తేడా ఎక్కడ? తెలుగులో వాక్యాలు రాసి చూశాక తెలిసింది. 'నమ్మదగిన సాక్ష్యం' అంటే క్రెడిబుల్. 'ఏది చెప్పినా నమ్మే మనిషి' అంటే క్రెడ్యులస్. సాక్ష్యం ఎన్నటికీ క్రెడ్యులస్ కాలేదు, నమ్మడానికి దానికి మనసు లేదు కదా! క్రెడిటబుల్‌లో నమ్మకం పక్కకు తప్పుకుని మెప్పు ముందుకొచ్చింది. ఓడినా చివరిదాకా చక్కగా పోరాడిన జట్టు ఆట క్రెడిటబుల్, మెచ్చుకోదగినది.

ఈ 'దగిన' నాకు తాళంచెవిలా దొరికింది. కంటెంప్టిబుల్, కంటెంప్చువస్ జంటకు పెట్టి చూశాను. ఈసడించుకోదగిన పని కంటెంప్టిబుల్. ఎదుటివారిని ఈసడించే చూపు కంటెంప్చువస్. మాట చివర 'ఇబుల్' గానీ 'ఏబుల్' గానీ కనబడితే ముందుగా 'దగిన' పెట్టి చదవడం అప్పటినుంచి అలవాటైంది. చాలాచోట్ల అర్థం అక్కడే తేలిపోతుంది.

అన్ని జంటలకూ ఈ తాళంచెవి పట్టదు. కంటిన్యువల్, కంటిన్యువస్ నాకు వానతో గుర్తుండిపోయాయి. ఆగుతూ మళ్లీ మళ్లీ కురిస్తే మొదటిది, తెరిపి ఇవ్వకుండా కురిస్తే రెండోది. మాటల్లో ఈ తేడాను అంతగా పట్టించుకోరు గానీ ప్రశ్నపత్రం పట్టించుకుంటుంది. పొగడ్త అనే అర్థమున్న కాంప్లిమెంట్‌నూ, లోటు పూరించేది అనే అర్థమున్న కాంప్లిమెంట్‌నూ చెవి విడదీయలేదు, కన్నే విడదీయాలి. 'ఎల్' తర్వాత 'ఈ' ఉంటే పూరించేది. కంప్లీట్‌లోనూ 'ఎల్' తర్వాత 'ఈ'యే ఉంటుంది కాబట్టి మరచిపోయే వీల్లేదు. సెన్సార్ చేస్తే కత్తిరింపు, సెన్షర్ చేస్తే తీవ్రమైన మందలింపు.

తప్పు పట్టమనే ప్రశ్నల కోసం ఒక మాట. కన్సిస్ట్స్ వెనక 'ఆఫ్' ఉండాలి, కంప్రైజెస్ వెనక ఉండకూడదు. అర్థం ఒక్కటే కావడంతో చెయ్యి అలవాటుగా రెండింటికీ 'ఆఫ్' తగిలించేస్తుంది. నేను ఈ రెండింటినీ పక్కపక్కనే వాక్యాల్లో పెట్టి పది రోజులపాటు రోజూ రాశాను. చూసి చదివినప్పుడు రాని పట్టు రాసినప్పుడు వచ్చింది.

ఇప్పుడు రోజుకు ఎనిమిది పదాలే చదువుతున్నాను. కుడివైపు ఒంటరి అర్థానికి బదులు ఒక తెలుగు వాక్యం ఉంటుంది. ఈ వారమే 'డి'లోకి వచ్చాను. డిస్ఇంటరెస్టెడ్ పక్కన పాత నోట్సులో 'ఆసక్తి లేని' అని ఉంది. అది కొట్టేసి ఇలా రాసుకున్నాను: 'ఈ తగాదాలో ఎవరు గెలిచినా తనకు లాభనష్టాలు లేని మనిషి చేత తీర్పు చెప్పించారు.'