జీరో టికెట్

సెలవు మీద వచ్చి నాలుగో రోజు. సుల్తాన్ బజార్‌లో జాకెట్ గుడ్డలు కొందామని కూకట్‌పల్లిలో 218 ఎక్కాను. అదృష్టం, కిటికీ పక్క సీటు దొరికింది. ఆడవాళ్ళకి ఉచితమే కదా, ఇంక టికెట్ ఎందుకని కదలకుండా కూర్చున్నాను.

"ఏందమ్మా, టికెట్ తీస్కోలే?" అంది కండక్టరమ్మ.

"ఫ్రీ కదండీ."

"ఫ్రీ అయితే టికెట్ వద్దా? నువ్వు జీరో టికెట్ తీస్కుంటేనే సర్కారు నుంచి మాకు పైసలొచ్చేది. ఊకె కూసుంటే ఆ లెక్క ఎవరియ్యాలె? ఆధార్ చూపియ్యి."

బస్సంతా నావైపు తిరిగింది. ఆధార్ మీద ఇంకా కూకట్‌పల్లి అడ్రసే ఉంది కాబట్టి బతికిపోయాను. చేతిలో చిన్న కాగితం పెట్టింది. ఛార్జీ సున్నా.

ఎర్రగడ్డ దాటేదాకా ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, 2023 డిసెంబర్ 9న ఈ పథకం మొదలైనప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో వెటకారం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మ్యూనిక్‌లో ట్రామ్‌లో కూర్చుని చేశాను ఆ పని. జేబులో 49 యూరోల నెల టికెట్. జర్మనీ అంతా సిటీ బస్సులు, ట్రాములు, లోకల్ రైళ్ళు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. దూరం వెళ్ళే పెద్ద రైళ్ళు మాత్రం కుదరవు. ఆ ధరకి గిట్టుబాటు కాదని అక్కడ అందరికీ తెలుసు. అందుకే కేంద్రం, రాష్ట్రాలు ఏటా చెరో 150 కోట్ల యూరోలు పోస్తున్నాయి. అయినా చాలక 2025లో 58, 2026లో 63 చేశారు. ఆఫీసు పావు వంతు పెట్టుకుంటే ఇంకో 5 శాతం తగ్గిస్తారు. నాకు మా ఆఫీసు పెట్టుకుంటుంది. నెలకి 44 యూరోలు కట్టి, నా ప్రయాణం ఖర్చు మొత్తం నేనే పెట్టుకుంటున్నట్టు తిరుగుతాను.

అక్కడ నన్నెవరూ ఆధార్ చూపించమనరు. నాకొచ్చే సబ్సిడీ ఏ కాగితం మీదా అచ్చు కాదు. ఇక్కడ సున్నా అని ప్రింటు కొట్టి చేతికిస్తారు, పక్కన నిలబడ్డాయన చూస్తాడు. ఆయన పూర్తి ఛార్జీ కట్టి కోఠి దాకా నిలబడే వచ్చాడు, ఆ కోపం నాకు అర్థమవుతుంది. బస్సులు సరిపోవు. కానీ అది బస్సులు పెంచితే తీరే బాధ. ఎదుటి సీట్లో ఖాళీ టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నామెను లేపి అడగాల్సిన సంగతి కాదు.

సాయంత్రం బాబాయ్ వాళ్ళింటికి వెళ్తే అదే పాట. "ఉచితాలిచ్చి ఆర్టీసీని ముంచుతున్నారమ్మా. మీ జర్మనీలో ఇట్లా ఉంటుందా?"

"నా టికెట్‌లోనూ సర్కారు డబ్బులున్నాయి బాబాయ్, ఆఫీసువి కూడా."

"అది వేరే."

ఎట్లా వేరో చెప్పకుండా టీవీ సౌండు పెంచాడు. టీ పెట్టమందామని వంటింటివైపు ఒకటికి రెండుసార్లు కేకేశాడు. పిన్ని ఇంట్లో లేదు. పొద్దున్నే ఆధార్ కార్డు పర్సులో వేసుకుని చిలుకూరు వెళ్ళిందట.